ముఖాలు లేని సూట్లు

జగిత్యాలల ఒక స్టూడియోల పనిచేసే పిల్ల నాకు మూడుసార్లు ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు ఆల్బం పని బంద్ పెడుతున్నవట గద. నీ కాడున్న సామానంత నాకియ్యరాదు? ఉత్తగనే పడి ఉంటది గద" అన్నది.

సామాను అంటే చేతికి దొరికేది కాదు. అంతా హార్డ్ డిస్క్‌లనే ఉన్నది. ఆల్బం పేజీల వెనక పరిచే కాయిదాల బొమ్మలు, చుట్టూ పెట్టే అంచులు, రిబ్బన్లు, గుండీలు, ఎండిన ఆకులు, పూల తీగెలు, రంగురంగుల అక్షరాలు. కోరుట్లల మా ఇంటి ముందరి అర్రల కూసోని పదిహేనేండ్లు పెండ్లి ఆల్బంలు, పుట్టినరోజు ఆల్బంలు చేసిన. కోరుట్ల, మెట్‌పల్లి స్టూడియోలోళ్లు ఫొటోలు పంపితే పేజీలు అమర్చి ఇచ్చుడు నా పని. ఇప్పుడా పని ఫోన్లే చేసేస్తున్నయి. నా దిక్కు వచ్చేటోళ్లు తగ్గిన్రు.

ఒక పూటల తేలిపోయే పని అనుకున్న. ఏది ఇయ్యాలె, ఏది తీసెయ్యాలె చూసి, మిగిలింది ఆ పిల్ల చేతిల పెడితే అయిపోతది అనుకున్న. కూసుంటే ఈ ఎండకాలమంత పట్టింది.

చూస్తే చాలామట్టుకు నేను ఒక్కసారన్న తెరవని ఫోల్డర్లే ఉన్నయి. మా దిక్కు ఆల్బంలకు కావల్సింది వేరు. ముఖాలు పెద్దగుండాలె, గులాబీలుండాలె, వెనక జలపాతమో కోటనో ఉండాలె. చినిగిన అంచుల గోధుమరంగు కాయిదాలు, దారంతోని కుట్టినట్టున్న చట్రాలు, పాత ఉత్తరాల తీరు పేజీలు ఎవలు అడుగుతరు? అవి ఎవలి కోసమో తెచ్చినయి కావు. నా కోసం నేనే తెచ్చుకున్నయి.

మా అమ్మగారిల్లు సిరిసిల్ల. మా నాయిన మరమగ్గాల మీద పనిచేసేటోడు. సిరిసిల్లల మగ్గాలు ఆగిన దినాలల్ల బొంబాయి దిక్కు భీవండికి పోయిండు. ఆరు నెలలకోసారి వస్తుండె. నేను పదో తరగతిల ఉండంగ అక్కడి షెడ్డులనే గుండె ఆగింది. తోటి పనోళ్లు అక్కడ్నే కాలవెట్టి, ఆయన సంచి తెచ్చి మా గడప మీద పెట్టిన్రు. ముఖం చూసుడు మాకు దక్కలే. ఇంట్ల ఆయన ఫొటో ఒక్కటే ఉన్నది. బనీను మీద మగ్గం పక్కన నిలబడ్డది. తీసేటప్పుడు ఆయన కదిలిండు, ముఖం చెదిరిపోయింది. మా ఇంటికి ఒక ఆల్బం చెయ్యాలని ఆ కాయిదాలు, ఆ దారపు చట్రాలు తెచ్చుకున్న గని, ఒక్క ఫొటోతోని ఆల్బం ఎట్లయితది? అవి అట్లనే ఉండిపోయినయి.

పువ్వులు ఒక దిక్కు, కాయిదాలు ఒక దిక్కు సర్దుకుంట వస్తుంటే, 'జెంట్స్' అని నేనే పేరు పెట్టిన ఫోల్డర్ ముందరికచ్చింది. తెరిచిన. బయట ఎండ పెటపెటలాడుతున్నది, గల్లీల కూరగాయలామె అరుస్తున్నది.

తెర నిండా సూట్లు. నల్లయి, నీలంవి, బూడిదరంగువి. జేబుల చెయ్యి పెట్టుకున్నయి కొన్ని, కుర్చీల కాలు మీద కాలేసుకున్నయి కొన్ని. అన్నిటికీ టై ఉన్నది, బూట్లున్నయి. మెడ పైన ఏం లేదు. కంప్యూటర్ల ఖాళీ జాగ కనవడాలంటే బూడిద, తెలుపు గళ్లు పడతయి. గా గళ్లే మెడల పైన తలలున్నట్టు వరుసగ ఉన్నయి. ఎవలి తలా ఇంక ఎక్కని ఒళ్లు అవి. తయారై నిలబడి, ఎవలన్న వస్తరా అని చూస్తున్నట్టున్నయి.

మా దిక్కు ఈ సూట్లకు పని బాగనే ఉండె. బిడ్డ పుట్టినరోజుకు తండ్రి దుబాయిల ఉంటడు. చెల్లె పెండ్లికి అన్న మస్కట్ల ఉంటడు. పాస్‌పోర్ట్ ఫొటో తెచ్చి, "ఈయన్ని పక్కన నిలబెట్టు" అంటరు. ముఖం కోసి సూటు మీద పెట్టి నిలబెట్టేదాన్ని. అదొక తప్పు అని నాకెన్నడు అనిపించలే. లేని మనిషి ఉన్నట్టు కనవడితే ఆ ఇంటికి జర ధైర్యం అనుకునేదాన్ని.

వాటిల్ల ఒక నీలం సూటు, మెరూన్ టైది, నేను తొమ్మిదిసార్లు వాడిన. తొమ్మిదిసార్లు ఒక్క మనిషికే.

మెట్‌పల్లి అవుతల ఒక ఊరి నుంచి ఆ మనిషి భార్య వచ్చింది. బీడీలు చుట్టుకోని బతికే మనిషి. చేతివేళ్ల నుంచి తంబాకు వాసన వస్తుండె. చంకల ఏడాది పిల్ల. ఆ పిల్ల కడుపుల ఉండంగనే మొగడు గల్ఫ్‌కు పోయిండట. మొదట కొన్ని నెలలు ఫోన్ చేసిండట. మల్ల ఆగిపోయింది. పంపిన ఏజెంటు ఫోన్ ఎత్తడు. తోటిపోయినోళ్లు, "వేరే తావుకు తీస్కపోయిన్రు, మాకు ఎర్కలేదు" అన్నరట.

"బిడ్డ మొదటి పుట్టినరోజక్కా. వాళ్ల బాపును పక్కన పెట్టు. పిల్ల పెద్దగైనంక చూస్తే, బాపు ఉన్నడనుకోవాలె" అన్నది.

పాస్‌పోర్ట్ ఫొటో ఇచ్చింది. నున్నగ దువ్విన నెత్తి, మూసిన నోరు, ఎడమ కనుబొమ్మ నడుమ చిన్న తెగుడు. నీలం సూటు తీసి ఆయనకు తొడిగిన. సూటు చెయ్యి పాప దిక్కు లేకుండె. ఇంకో బొమ్మల నుంచి గడియారం పెట్టుకున్న చెయ్యి ఒకటి తీసి పాప భుజం మీద పెట్టిన. తల ఆయనది, ఒళ్లు ఎవలిదో, చెయ్యి ఇంకెవలిదో. అంతా ఒకటి చేసి చూపిస్తే ఆమె తెర దగ్గరికి వంగి చూసింది.

"కోటు ఏస్తే గిట్లుంటడా!" అన్నది. నవ్విందో ఏడ్చిందో నాకు తెల్వలే.

అప్పట్నుంచి ప్రతి ఏడు వచ్చింది. పిల్లకు కొత్త గౌను, పక్కన ఆయనకు అదే సూటు. "వేరేది ఏద్దామా చెల్లె?" అని అడిగిన ఒకసారి. "వద్దక్కా, పిల్ల గుర్తుపట్టాలె గద" అన్నది.

నాలుగో ఏడో, అయిదో ఏడో, ఆమె కుర్చీల కూసోని, "అక్కా, ఆయన గిట్లనే ఉంటడా? ఈడు పెరుగుతది గద. జర పెద్దగ చెయ్యరాదు?" అన్నది.

చేసిన. చెవుల పక్కన వెంట్రుకలు తెల్లగ చేసిన. నోటి పక్కన సన్నటి గీత గీసిన. మరుసటేడు ఇంకో గీత. కండ్ల కింద జర నీడ. ఆ మనిషి నా కంప్యూటర్ల ముసలోడైతుండె. ఆయన ఏడున్నడో, ఉన్నడో లేడో, ఈ లోకంల ఎవలికీ తెల్వది. ఏడాదికి ఎంత ముసలితనం రావాల్నో నిర్ణయించేదాన్ని మాత్రం నేనే.

ఆ ముఖం నాకు మా ఇంటాయన ముఖం కన్న ఎక్కువ ఎర్కైంది. ఒకనాడు కోరుట్ల మార్కెట్ల ఉల్లిగడ్డలు కొంటుంటే ఒకాయన పక్క నుంచి పోయిండు. ఆ నోటి పక్కన గీత, ఆ చెవి పక్కన తెలుపు. సంచి అక్కడ్నే ఇడిసిపెట్టి ఎన్క ఉరికిన. తిరిగి చూస్తే ఎవలో. "ఏందమ్మా?" అన్నడు. ఏం చెప్పాలె?

ఇంకోనాడు మధ్యాహ్నం ఆయన ఫొటో మీదనే పనిచేస్తుంటే కరెంటు పోయింది. వచ్చినంక కంప్యూటర్ తనంతట తనే ఫైలు తెరిచింది. ఫైల్ల ఒక్కొక్కరు ఒక్కొక్క పొర మీద ఉంటరు. పిల్ల ఉన్న పొర, తల్లి ఉన్న పొర కనవడలే. ఆయనొక్కడే నిలబడి ఉన్నడు. గడియారం చెయ్యి ఉత్త గాలిల ఆగి ఉన్నది, కింద భుజం లేదు. అది కంప్యూటర్ చేసిన తికమక అని నాకు తెల్వదా? తెలుసు. అయినా లేచి ఆకిట్లకు పోయి నిలబడ్డ.

పిల్లకు ఆరేండ్లప్పుడు జరిగింది చెప్పాలె. వాళ్లమ్మ బయట ఫోన్ మాట్లాడుతుండె. పిల్ల నా కుర్చీ పక్కన నిలబడి తెర మీద బాపును చూస్తున్నది.

"ఆంటీ, మా బాపు నా పుట్టినరోజుకు వస్తడు, మల్ల పోతడు" అన్నది.

"ఎవలు చెప్పిన్రు బిడ్డా?"

"ఫొటోల ఉన్నడు గద. నాకే యాదికుండది. కేక్ యాదికుంటది, బెలూన్లు యాదికుంటయి. బాపు వచ్చింది ఒక్కటే యాది మరుస్త." మెల్లగ ఇంకో మాట అన్నది. "మొన్న అస్సలు మరువద్దని చెయ్యి మీద గిచ్చుకున్న. అయినా మరిచిన."

ముంజేతి మీద చూపించింది. గోటి గుర్తులు ఉన్నయి. నేను చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచిన గని, వాళ్లమ్మ లోపలికి వచ్చింది. ఫొటో కవర్ల పెట్టి ఇచ్చిన.

తర్వాత మూడేండ్లు గుడ ఆయన్ని నిలబెట్టిన.

ఒక ఎండకాలం పగటి పూట తలుపుకాడ ఎవలో నిలబడ్డరు. ఎనక ఎండ ఉండంగ ముఖం కనవడలే. బక్కటి మనిషి, నెత్తి మీద వెంట్రుకలు లేవు. చంకల ఆల్బం.

"ఫొటోలు చేసేది నువ్వేనా చెల్లె?" అన్నడు. గొంతు బొంగురు.

లోపలికి రమ్మన్న. కుర్చీల కూసున్నంక ఎడమ కనుబొమ్మ నడుమ తెగుడు కనవడ్డది. గోడ పట్టుకోని నిలబడ్డ.

ఎడారిల మేకల మందకాడ పెట్టిన్రట ఆయన్ని. పాస్‌పోర్టు, ఫోను సేఠు గుంజుకున్నడట. ఆఖరికి కాయిదాలు లేనోళ్లను అక్కడి సర్కారు ఇండ్లకు పంపుతుంటే, ఎవలో లారీ డ్రైవర్ పుణ్యాన బయటపడి వచ్చిండట. ముందటి పండ్లు రెండు లేవు. ముఖం ఎండకు నల్లగ కమిలిపోయింది. నేను గీసిన గీతలు ఒక్కటి లేవు. వేరే గీతలున్నయి.

ఆల్బం నా బల్ల మీద పెట్టి పేజీలు తిప్పిండు.

"గిది మూడో పుట్టినరోజు. గప్పుడు ఒక మేకపిల్ల బాయిల పడితే తీస్తున్న. గిది అయిదోది. గప్పుడు నాకు జరం, పదిదినాలు లేవలే." ప్రతి ఫొటోల తనను వేలుతోని ముట్టిండు. "గీ కోటు ఎవలది చెల్లె?"

"ఎవలది కాదన్నా. బొమ్మ."

"గీ చెయ్యి?"

"అది గుడ బొమ్మనే."

ఆ చెయ్యి మీద తన చెయ్యి పెట్టి చూసుకున్నడు. నా మీద కోపానికి వస్తడనుకున్న, రాలే.

"నా బిడ్డ నా దగ్గరికి వస్తలేదు. నేను వచ్చి నెల దాటింది. 'నువ్వు కాదు, మా బాపు వేరే' అంటున్నది. తప్పు పిల్లది కాదు. నేను చూసుకున్నా నాకు గిట్లనే అనిపిస్తున్నది." ఆల్బం మూసి, "గీ కోటు బొమ్మ పెద్దగ తీసియ్యి. జగిత్యాలల కుట్టిపిచ్చుకుంట" అన్నడు.

వద్దని చెప్పాలె నేను. చెప్పలే. సూటు ఒక్కటే, తల లేకుండ, పెద్ద కాయిదం మీద తీసిచ్చిన. చుట్ట చుట్టుకోని పోయిండు.

జగిత్యాల దర్జీ ఆ కాయిదం చూసి, "ఇది ఆడోళ్ల దిక్కు గుండీలు, మొగోళ్లకు గిట్లుండది" అన్నడట. పాప ఏ దిక్కు ఉంటే ఆ దిక్కుకు సరిపోవాలని నేను బొమ్మను ఎప్పుడో కుడిఎడమ మార్చిన. దర్జీ ఎంత చెప్పినా ఈయన వినలేదట. "ఫొటోల ఎట్లుంటే గట్లనే కుట్టు" అన్నడట. ఇదంతా మల్ల ఆయన భార్యనే చెప్పింది, పదో పుట్టినరోజుకు నన్ను ఇంటికి పిలిచినప్పుడు. "నువ్వు వచ్చి ఫొటో తియ్యాలక్కా. ఈసారి ఆయన ఉన్నడు" అన్నది.

పోయిన. రెండు అర్రల ఇల్లు. మూలకు తునికాకు గంప, గోడకు రంగు కాయిదాల తోరణం, బల్ల మీద కేక్. పగలు పన్నెండు గంటలు, రేకుల కింద అర్ర ఉడికిపోతున్నది. ఆయన లోపలి నుంచి వచ్చిండు. నీలం కోటు, మెరూన్ టై, చేతికి గడియారం. నెత్తికి నల్లటి విగ్గు పెట్టుకున్నడు. చెవుల పక్కన సున్నమో పౌడరో రాసుకోని తెల్లగ చేసుకున్నడు. పండ్లు కనవడద్దని నోరు మూసుకోని గోడకానుకోని నిలబడ్డడు. ఫొటోల ఎంత పక్కకు నిలబడ్డడో సరిగ్గ అంతే పక్కకు. నేను చేసిన మనిషి నా ముందట నిలబడి గాలి పీలుస్తున్నడు.

పిల్ల వచ్చి ఆయన ముందట నిలబడ్డది. ఆయన నెమ్మదిగ చెయ్యి తీసి పిల్ల భుజం మీద పెట్టిండు. వేళ్లు గుడ అట్లనే పెట్టిండు.

పిల్ల ఆయన ముఖం చూసింది. కోటు చూసింది. మల్ల గోడ దిక్కు చూసింది.

"అమ్మా, ఈయనకు నీడ ఉన్నది" అన్నది. "మా బాపుకు ఉండది."

నిజమే. తొమ్మిదేండ్లల నేను ఆయనకు ఒక్కసారి నీడ పెట్టలే. పిల్ల మెడ మీద నీడ ఉంటది, తల్లి ఎన్క ఉంటది, ఆయనకు ఉండది. నా పని చూసిన స్టూడియోలోళ్లు గని, ఆ తల్లి గని, నేను గని ఎవలం చూడలే. పిల్ల చూసింది.

చెమట ఆయన చెవుల పక్కన తెల్లటి రంగును కడుగుకుంట కాలర్ మీదికి దిగింది. ఆయన భుజం మీది చెయ్యి తీసిండు. విగ్గు తీసిండు, కోటు ఇప్పి మంచం మీద పెట్టిండు. లోపలి అంగి తడిసి ఒంటికి అతుక్కున్నది. బయటికి పోయి నీళ్ల గోలెం కాడ ముఖం కడుక్కున్నడు.

అప్పుడు వాళ్లమ్మ కింద కూలబడి, పిల్లను దగ్గరికి గుంజుకోని ఉన్నదున్నట్టు చెప్పింది. బాపు ఎన్నడు రాలేదని, ఈ ఆంటీతోని నేనే బొమ్మ చేపిచ్చినని. పిల్ల ఏడుస్తదనుకున్న, ఏడ్వలే.

"అయితే నేను మర్చిపోలేదా?" అన్నది.

"లేదు బిడ్డా."

"ఒక్కసారి గుడ మర్చిపోలేదా?"

"లేదు."

అప్పుడు నా దిక్కు తిరిగింది. "నీకు చెప్పిన గద ఆంటీ, గిచ్చుకున్నా అని. నువ్వన్న చెప్పకపోతివి" అన్నది.

ఆ దినం కేక్ ఎవలు కోసిన్రో, ఎవలు తిన్నరో నాకు యాది లేదు. బస్సెక్కి కోరుట్లకు వచ్చిన.

ఆయనకు ఊర్ల పని దొరకలే. మల్ల గల్ఫ్ పోతనన్నడట. భార్య ఒప్పుకోలే. నాకు తెలిసిన తావు సిరిసిల్ల ఒక్కటే. మా అమ్మ ఇంటి ముందరి అర్ర, ఒకప్పుడు మగ్గం ఉన్నది, ఖాళీగ ఉండె. అక్కడుండమన్న. ఆమె బట్టలు కుట్టే షెడ్డుల చేరింది, ఆయన మరమగ్గాల కాడ నూలు కండెలు చుట్టే పనికి కుదిరిండు. పిల్లను దగ్గరి బడిల వేసిన్రు.

వాళ్లు సామాను దించిన దినం నేను గుడ పోయిన. ఆల్బం కాలవెట్టి పారేద్దామన్నడు ఆయన. పిల్ల గుంజుకున్నది. "కాలవెడితే గా బాపు ఏడికి పోతడు?" అన్నది. పిల్ల దాన్ని మా అమ్మకు చూపిచ్చింది. మా అమ్మ అద్దాలు పెట్టుకోని ఒక్కొక్క పేజీ తిప్పుకుంట ఆఖరు ఫొటో కాడ ఆగింది. కిటికీ దగ్గరికి తీస్కపోయి మల్ల చూసింది.

"గిది ఎవలి ఫొటో?"

"వాళ్ల బాపుదే అమ్మా. నేను జర పెద్దగ చేసిన."

"కాదే. గీ నోటికాడ గీత, గీ చెవుల కాడ తెలుపు..." మా అమ్మ ఆల్బం మూసి నా చేతిల పెట్టింది. "మీ నాయిన ఆఖరుసారి భీవండికి పోయేనాడు గిట్లనే ఉండె."

నేను చూడలే. ఆల్బం తెరవకుండనే పిల్లకిచ్చిన. ఇంటికి వచ్చినంక గుడ ఆ ఫైలు దిక్కు పోలే. జగిత్యాల పిల్ల ఫోన్ చేసేదాక 'జెంట్స్' ఫోల్డర్ మూసే ఉన్నది.

ఈ ఎండకాలం తెరిచిన. సూట్లన్నీ దాటుకుంట పోయి ఆఖరు పుట్టినరోజు ఫైలు తీసి, ముఖం పెద్దగ చేసి చూసిన. మా అమ్మ చెప్పింది నిజమే. కనుబొమ్మ ఆయనది, ముక్కు ఆయనది. దిగబడ్డ బుగ్గలు, నోటికాడ గీత, చెవుల పక్కన తెలుపు మా నాయినవి. మనిషి ఎట్ల ముసలోడైతడో నేను చూసింది ఒక్కన్నే. ఆ ఒక్కన్ని తెల్వకుండనే తీసి ఈయనకు పెట్టిన. ఏడాదికోసారి మా నాయిన ఇంకొకరి ముఖంలకు కొద్దికొద్దిగ వచ్చిండు.

మరి నేనేం చేసిన? సిగ్గు పడకుండ చెప్తున్న. నా కోసం తెచ్చుకున్న చినిగిన అంచుల కాయిదం ఒకటి తీసి, దారపు చట్రం పెట్టి, ఆ ముఖాన్ని కోసి దాంట్ల పెట్టిన. కనుబొమ్మ తెగుడు పూడ్చిన. ముక్కు జర వెడల్పు చేసిన. మా నాయిన దగ్గరికి వస్తున్నడు. ఒళ్లు కావాలె. సూట్ల ఫోల్డర్ తెరిచి కింది దాక వెతికిన. మా నాయిన ఎన్నడు కోటు ఏసుకోలే. దూది పోగులు అంటిన బనీను కావాలె నాకు. అన్ని ఒళ్లల్ల బనీను మీదున్న ఒళ్లు ఒక్కటి లేదు. పొద్దటీలి నుంచి పగటీలి దాక వెతుకుతనే ఉన్న. మా ఇంటాయన వచ్చి, "అన్నం తినవా?" అంటేనే తెలివికి వచ్చిన.

తెర మీద ఎవలో ఉన్నరు. మా నాయిన కాదు, ఆయన కాదు. మెడ కింద గళ్లు.

సిరిసిల్లకు ఫోన్ చేసిన. ఆయన షెడ్డుల ఉన్నడు, ఎన్క మగ్గాల చప్పుడు.

"అన్నా, నీ ముఖం నా కంప్యూటర్ల ఉన్నది. ఏం చెయ్యమంటవ్?"

ఆయన బయటికి వచ్చినట్టున్నడు, చప్పుడు తగ్గింది. "తీసెయ్యి చెల్లె. ఒక్కన్ని బతుకుడే కష్టమైతున్నది. ఇద్దరమెందుకు?" అన్నడు.

"పిల్ల ఎట్లున్నది?"

"మంచిగున్నది. ఇంకా బాపు అని పిలుస్తలేదు. 'ఇగో' అంటది. కండెలు చుట్టుతుంటే పక్కన కూసోని అడుగుతది, నాకు నాలుగేండ్లున్నప్పుడు నువ్వేం చేస్తుంటివి, ఏడేండ్లున్నప్పుడు ఏం చేస్తుంటివి అని. మేకల సంగతి చెప్తున్న." మల్ల, "కొన్ని నాకే యాదికి లేవు. మరిచిన అంటే ఊకోదు" అన్నడు.

ఫోన్ పెట్టి ఆ ఫైలు తీసేసిన, నేను మొదలుపెట్టిన పేజీ తీసేసిన. 'జెంట్స్' ఫోల్డర్ మొత్తం పట్టి డిలీట్ కొట్టిన. ఒక్కసారి గుడ వాడనివే ఎక్కువ. పేర్లు తెర మీద ఉరుకుకుంట పోయినయి. అయిపోయేదాక కుర్చీల నుంచి లేవలే.

మిగిలినయన్నీ, పువ్వులు, రిబ్బన్లు, అక్షరాలు, చినిగిన కాయిదాలు గుడ, జగిత్యాలకు తీస్కపోయి ఆ పిల్లకిచ్చిన. కంప్యూటర్‌కు పెట్టి చూసింది.

"అక్కా, మొగోళ్ల కాస్ట్యూమ్‌లు లేవేంది?"

"తీసేసిన."

"అయ్యో, నాకు అవే కావాల్సి ఉండె." మల్ల తనే నవ్వింది. "ఏం కాదు లే. ఇప్పుడు ఫోనే కోటు తొడుగుతున్నది. మా గల్లీల ఒకామె మొగడు చచ్చిపోయి రెండేండ్లైంది. పాత ఫొటో ఇస్తే ఫోన్ల నవ్వుతడు, తల తిప్పుతడు. ఆమె పొద్దున లేవంగనే చూసుకుంటది."

తను ఇచ్చిన చాయ తాగి వచ్చిన.

ఇప్పుడు మా ముందరి అర్రల ఆన్‌లైన్ అర్జీలు నింపుతున్న. ఎక్కువ పాస్‌పోర్టులయే. గొల్లపల్లి నుంచి వస్తరు, మెట్‌పల్లి నుంచి వస్తరు. గల్ఫ్‌కు పోయే వయసు పిల్లలే. కొందరితోని భార్య వస్తది, చంకల పసిపిల్ల ఉంటది. అర్జీ పని అయిపోయినంక అడుగుత, "పోయేముందు ముగ్గురు కలిసి ఒక్కసారి నిలబడున్రి, నా ఫోన్ల తీసి పంపుత" అని. ఇద్దరు ముగ్గురు నిలబడ్డరు. చాలామంది నిలబడరు. బస్సుకు యాళ్లైతున్నదని పోతరు.